రెండు హైవేలు, ఒక స్ట్రెచరు

కృష్ణగిరికి రైలు లేదు. 2004లో ధర్మపురి నుంచి విడిపోయి జిల్లా అయింది గానీ, జిల్లా కేంద్రానికి స్టేషను మాత్రం రాలేదు. తాతల కాలంలో ఉండేది. 1905లో తిరుపత్తూరు నుంచి కృష్ణగిరికి నారో గేజి బండి వేశారు. మొరప్పూరు నుంచి ధర్మపురి మీదుగా హోసూరుకు ఇంకొకటి నడిచేది. కాలక్రమంలో రెండూ ఆగిపోయాయి. హోసూరుకు తర్వాత బెంగళూరు-సేలం లైను దక్కింది, కృష్ణగిరికి అదీ లేదు. కాబట్టి ఇక్కడ పెళ్లికి పోవాలన్నా, మామిడికాయలు పంపాలన్నా, ప్రాణం మీదికొచ్చి పెద్దాసుపత్రికి పరిగెత్తాలన్నా రోడ్డు మీదే.

రోడ్లకు కరువు లేదు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి పోయే 44వ నంబరు హైవే, ఢిల్లీ నుంచి ముంబై మీదుగా చెన్నైకి పోయే 48వ నంబరు హైవే బెంగళూరు దాటాక ఒకే దారిలో నడుస్తాయి. హోసూరు, శూలగిరి దాటి కృష్ణగిరిలో విడిపోతాయి, ఒకటి సేలం వైపు, ఒకటి వేలూరు వైపు. ఇవి చాలవన్నట్టు తిరువణ్ణామలై రోడ్డు, మన కుప్పం రోడ్డు కూడా ఇక్కడే వచ్చి కలుస్తాయి. దేశంలోకెల్లా పొడవాటి రోడ్లలో రెండింటి బరువును దాదాపు 90 కిలోమీటర్ల ఈ ముక్క ఒక్కటే మోస్తోంది. దాని పక్కనే బడులు, టమాటా తోటలు, గులాబీ షెడ్లు, ఫ్యాక్టరీ గేట్లు. ఓ చోట ఏనుగులు కూడా.

నేను కుప్పం బస్సులో దిగాను. మా అక్కను దేన్కనికోటకు ఇచ్చాం. ఆమె కూతురు హోసూరులో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజీషియన్ అసిస్టెంటు. వారానికి రెండు రాత్రులు అంబులెన్సులో పోతుంది. అది ఆసుపత్రి బండి కాదు, స్టాండులో ఉండే ప్రైవేటు బండి. "మీ పాప డాక్టరా, నర్సా?" అని మా ఊళ్లో ఎవరడిగినా, రెండూ కాదని చెప్పి ఊరుకునేవాణ్ణి. మూడోది ఏమిటో నాకూ సరిగ్గా తెలీదు. ఆ సంగతేదో చూసొద్దామనే బయల్దేరాను.

హోసూరు చేరేముందు కృష్ణగిరిలోనే ఒక పూట ఆగాను. ఊరి బయట బోలుపల్లి దగ్గర కొత్త ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. 2022 జనవరి 12న తమిళనాడులో ఒకే రోజు ప్రారంభించిన 11 కాలేజీల్లో ఇదొకటి. అంతకుముందు ఇక్కడ తలకు గట్టి దెబ్బ తగిలితే ధర్మపురికో, సేలానికో, బెంగళూరుకో రాసి పంపడమే. అత్యవసర విభాగంలో నేల మీద, గోడ మీద రంగులు: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ప్రమాదాల కేసుల కోసం తమిళనాడు ప్రభుత్వం పెట్టిన పద్ధతి ఇది. వచ్చిన మనిషిని తలుపు దగ్గరే చూసి, ఇప్పుడే చెయ్యి వెయ్యకపోతే పోయేవాణ్ణి ఎరుపులోకి, కాసేపు ఆగగలిగినా కన్నేసి ఉంచాల్సినవాణ్ణి పసుపులోకి, కట్టు కట్టి పంపదగ్గవాణ్ణి ఆకుపచ్చలోకి తోస్తారు. ఎవరు ముందొచ్చారన్నది లెక్కలోకి రాదు. ఎవరు గట్టిగా అరుస్తున్నారన్నదైతే అసలే రాదు. అరవగలిగేవాడికి ఊపిరి బాగానే ఆడుతున్నట్టు.

నేనున్న కాసేపట్లో మదనపల్లె టమాటా లారీ డ్రైవరును తెచ్చారు. తొడ ఎముక విరిగింది. శూలగిరికీ కృష్ణగిరికీ మధ్య మేలుమలై దగ్గర రోడ్డు కొండ దిగుతుంది. అక్కడ బ్రేకు పట్టలేదట. క్లీనరు కుర్రాడు రెండు చేతుల్లో రెండు చెప్పులు పట్టుకుని, "అన్నా, డబ్బులెంత కట్టాలంటారో అడుగు" అని తెలుగు వినబడగానే నన్ను పట్టుకున్నాడు. కట్టనక్కర్లేదు. 2021 డిసెంబరులో తమిళనాడు తెచ్చిన 'ఇన్నుయిర్ కాప్పోం' పథకం కింద ఆ రాష్ట్రపు రోడ్డు మీద దెబ్బతిన్నవాడు ఏ రాష్ట్రంవాడైనా మొదటి 48 గంటల వైద్యం ఉచితం. పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రులకూ ఇది వర్తిస్తుంది. మొదట్లో లక్ష రూపాయల దాకా అని పెట్టారు. కుర్రాడు నమ్మలేదు. నర్సమ్మ కూడా చెప్పాక చెప్పులు కింద పెట్టాడు.

అంబులెన్సనగానే మనకు 108. అది పుట్టింది మన హైదరాబాదులోనే, 2005 ఆగస్టు 15న. సత్యం రామలింగరాజు పెట్టిన ఇఎమ్మారై మొదలుపెట్టింది. 2009లో సత్యం కూలాక జీవీకే చేతికి వెళ్లింది. రాజుగారి మిగతా లెక్కల సంగతి లోకానికి తెలిసిందే, ఈ ఒక్కటి నిలబడింది. తమిళనాడుకు 2008 సెప్టెంబరులో, కర్ణాటకకు అదే ఏడు నవంబరులో చేరింది. డ్రైవరును పైలట్ అనడం, వెనక కూర్చునే మనిషిని ఇఎమ్టీ అనడం, కంట్రోల్ రూములో ఒక డాక్టరు ఉండి బండిలోవాళ్లకు ఫోనులో సలహా చెప్పడం అన్నీ ఆ అచ్చులో పోసినవే. అయితే మూడు రాష్ట్రాలూ ఒకే నంబరు వాడుకుంటే హద్దు మీద ఒక చిక్కుంది. బాగలూరు, బేరికై, తళి వైపు పల్లెల్లో ఫోను ఏ రాష్ట్రపు టవరు పట్టుకుంటే కాల్ ఆ రాష్ట్రానికి పోతుందని జనం చెప్తారు. మనిషి తమిళనాడు చెరువుగట్టు మీద పడి ఉంటాడు, అవతల కన్నడంలో ఏ తాలూకా అని అడుగుతారు. అందుకే ఈ ఊళ్లలో చాలామంది జేబులో స్టాండు బండి డ్రైవరు నంబరు కూడా ఉంటుంది.

అలాంటి బండిలోనే మా మేనకోడలు పనిచేసేది.

బెంగళూరులో నాకో పనుంటే చూసుకుని, తిరుగు ప్రయాణంలో బొమ్మసంద్ర దగ్గర ఆ బండి ఎక్కాను. ఎవరినో పెద్దాసుపత్రిలో దించి ఖాళీగా హోసూరు వస్తున్నారు. రోగి లేడు కాబట్టి సైరను లేదు. సైరను లేదు కాబట్టి చందాపురలోనూ, అత్తిబెలె టోలు దగ్గరా అందరిలాగే నిలబడ్డాం. పాప వెనక తుడుస్తూ, సర్దుతూ ఉంది. సక్షన్ మిషను గొట్టం కడిగి, మానిటరు తీగలు చుట్టి, చివరికి ఆక్సిజన్ సిలిండరు మీటరు చూసింది.

"బీ టైపు సిలిండరు మామా. నిండుగా ఉంటే 1500 లీటర్లు. నిమిషానికి పది లీటర్లు పెట్టినామంటే రెండున్నర గంటలు వస్తాది. హోసూరు నుంచి నిమ్హాన్సుకు తెల్లారుజామున గంటలో పోతాం. సాయంత్రం ఆరింటికి బయల్దేరితే సిల్క్ బోర్డు కాడ ఎంతసేపో దేవునికే తెలుసు. అందుకే రెండు పెట్టుకుంటా ఉండాను. ఓనరుకు కోపం, బరువైతాదంట."

ఈ లెక్క ఆమెకు ఎవరు నేర్పారని అడిగాను. ఆసుపత్రిలో నేర్పలేదట. అక్కడ గోడలోంచి గొట్టం వస్తుంది, గాలి అయిపోతుందన్న ఆలోచనే రాదు. మొదటిసారి బండెక్కినప్పుడు డ్రైవరన్న చెప్పాడట.

ఆమె చదువు గురించి కాస్త చెప్పాలి. ఫిజీషియన్ అసిస్టెంటు అనే ఉద్యోగం అమెరికాలో పుట్టింది. 1965లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్, నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చిన నలుగురిని తీసుకుని మొదలుపెట్టాడు. యుద్ధంలో గాయాలు కుట్టిన చేతులు ఇంటికొచ్చాక ఊరికే ఉండటం ఎందుకని. వాళ్లలో ముగ్గురు 1967లో పట్టా పుచ్చుకున్నారు. మన దేశంలో 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో డాక్టర్ కె.ఎం. చెరియన్ ప్రారంభించారు. మన దేశంలో మొదటి బైపాస్ సర్జరీ 1975లో పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో చేసింది ఆయనే. గుండె ఆపరేషన్లకు చేతికింద నమ్మకమైన మనిషి కావాల్సి వచ్చింది. ఇప్పుడు తమిళనాడులో ఎంజీఆర్ వైద్య విశ్వవిద్యాలయం కింద ఇది మూడేళ్ల బీఎస్సీ, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. రోగిని పరీక్షించడం, కేసు షీటు రాయడం, ఐసీయూలో గొట్టాలు చూసుకోవడం, డాక్టరు రౌండ్సుకు వచ్చేసరికి అన్నీ సిద్ధం చేయడం వీళ్ల పని. సొంతంగా మందు రాయకూడదు. చట్టంలో వీళ్ల పేరు చేరింది మొన్నమొన్న, 2021లో పార్లమెంటు అనుబంధ వైద్య వృత్తుల చట్టం చేసినప్పుడు. అంబులెన్సు పారామెడిక్కులకూ చోటు దొరికింది అందులోనే. అత్యవసర వైద్యాన్ని డాక్టర్లకే ఒక ప్రత్యేక విభాగంగా మన మెడికల్ కౌన్సిల్ ఒప్పుకున్నది 2009లో కాబట్టి, వీళ్లకు ఇంత ఆలస్యమైందంటే వింతేమీ లేదు.

అమెరికాలో కూడా ఒక ఫిజీషియన్ అసిస్టెంటు (పీఏ) అంబులెన్సులో పనిచేయాలంటే చాలా రాష్ట్రాల్లో ఆ పట్టా చాలదు, పారామెడిక్ లైసెన్సు వేరుగా ఉండాలి. అక్కడ పీఏల్లో చాలామంది అంబులెన్సులో మొదలై చదువుకు వెళ్లినవాళ్లే కాబట్టి సరిపోతుంది. ఇక్కడ దారి తిరగబడింది. మా పాప ఆసుపత్రి నుంచి రోడ్డు మీదికి వచ్చింది. బండి రిజిస్టరులో ఆమె హోదా "టెక్నీషియన్". ఏదైనా మందు ఇవ్వాలంటే చేర్చుకునే ఆసుపత్రి డ్యూటీ డాక్టరుకు ఫోను చేసి అడగాలి. అవతల ఫోను ఎత్తకపోతే? "ఎత్తేదాకా చేస్తా. ఎత్తేదాకా గాలి ఆడేట్టు చూస్తా. అంతకు మించి నాకు లేదు మామా" అంది. తనకు లేని అధికారం గురించి ఇంత తేటగా మాట్లాడే మనిషిని ఆఫీసుల్లో నేను చూడలేదు.

డబ్బు కోసమే వెళ్తున్నావా అని అక్క తరఫున అడిగాను. డబ్బు కోసమేనంది, దాచలేదు. చదువు అప్పు ఇంకా తీరలేదు. కానీ అదొక్కటే అయితే ఆరు నెలల్లో మానేసేదాన్నని కూడా అంది. ఆమె చెప్పిన మిగతా కారణం కోసమే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆసుపత్రిలో ఉన్నప్పుడు బండివాళ్ల మీద ఆమెకూ చిరాకుండేదట. ఏ టైముకు పడ్డాడో రాయరు, ఏం మింగాడో చెప్పరు, స్ట్రెచరు వదిలేసి పోతారు. బండెక్కాక తెలిసింది, కుదుపులో పెన్ను నిలవదు, ఒక చెయ్యి అంబు బ్యాగు మీద ఉంటుంది, లైటు ఒకటే. ఆసుపత్రి తలుపు దగ్గర ఎవరూ రెండు నిమిషాలు ఆగి వినరు. తలుపుకు ఇవతలివాళ్లు చూసింది అవతలివాళ్లకు చేరదు. రోగికి జరిగే నష్టంలో ఎంతో భాగం ఆ గుమ్మం మీదే జరుగుతోందని ఆమె అంటుంది. ఇరవై మాటలు చేరితే చాలంటుంది, అంతకన్నా అక్కర్లేదట.

తల దెబ్బ తీసుకోండి. హోసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడలో షిఫ్టు మారే వేళ బైకుల మీద హెల్మెట్లు ట్యాంకు మీదే ఉంటాయి. పడ్డవాడు లేచి, "నాకేం కాలే" అని నాలుగు మాటలు మాట్లాడి, గంట తర్వాత స్పృహ తప్పుతాడు. లోపల పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తం గడ్డ కడుతోందన్నమాట. వేగంగా తీస్తే మనిషి దక్కుతాడు. కాబట్టి సర్జను మొదట అడిగేది, పడ్డాక మాట్లాడాడా అని. ఆ సంగతి తెలిసినవాడు పక్కనున్న టీ కొట్టాయన. ఆయన బండిలో రాడు. ఆసుపత్రిలో పనిచేసిన మనిషికే ఆ ప్రశ్న విలువ తెలుస్తుంది, రోడ్డు మీదికి పోయిన మనిషికే టీ కొట్టాయన దొరుకుతాడు. అందుకని పాప బండి దిగగానే చుట్టూ చూసి, "ఎవరన్నా ముందునుంచీ ఉండేవాళ్లు?" అని తెలుగులో, తమిళంలో, కన్నడంలో వరసగా అరుస్తుందట. ఒడిశా, బీహారు కూలీలుంటే హిందీలో కూడా. ఎవరో ఒకరు ముందుకొస్తారు. సాక్ష్యానికి పిలుస్తారేమోనని భయపడేవాళ్లు వెనక్కి జరుగుతారు. సాయం చేసినవాణ్ణి పోలీసులు ఇబ్బంది పెట్టకూడదని సుప్రీం కోర్టు 2016లోనే చెప్పింది, 2019లో మోటారు వాహనాల చట్టంలోకి కూడా ఎక్కింది. కానీ రోడ్డు పక్క జనానికి ఇప్పటికీ తెలిసింది పడ్డవాడి నోట్లో సోడా పొయ్యడమే. ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి పొయ్యకండి. స్పృహ సరిగ్గా లేని మనిషి గొంతులో అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పాముల కథ ఇంకా చిత్రం. దేన్కనికోట, తళి వైపు రాగి చేలు, అడవి అంచు, నేల మీద పడకలు. నాగుపాము కరిస్తే మంట, వాపు, వెంటనే తెలుస్తుంది. కట్లపాము రాత్రి నిద్రలో కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కనబడదు. తెల్లారి కడుపునొప్పి అంటారు, మెల్లగా రెప్పలు వాలిపోతాయి, ఆపైన ఊపిరి. "వీడు రాత్రి తాగినాడు, అందుకే కళ్లు మూతలు పడతా ఉండాయి" అని ఇంటివాళ్లు చెప్పిన మనిషిని ఆమె ఒకసారి తెచ్చింది. ఐసీయూలో అలాంటి రెప్పలను అంతకుముందు చూసి ఉండటం వల్ల, దారిలోనే ఫోను చేసి వెంటిలేటరు సిద్ధం చేయించింది. రక్తపింజరి అయితే ఇంకోలా ఉంటుంది, రక్తం గడ్డకట్టదు. ఆసుపత్రిలో శుభ్రమైన గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి కదపకుండా 20 నిమిషాలు ఉంచుతారు. వంచితే కారిందా, విషం ఎక్కినట్టే. అంత తేలికైన పరీక్ష అది. దానికి కూడా కరిచిన టైము కావాలి. టైము ఎవరికీ గుర్తుండదు, కానీ పామును చంపి సంచీలో వేసుకుని బండెక్కడం మాత్రం మర్చిపోరు. దాంతో పనిలేదు. మన దగ్గర దొరికే విరుగుడు ఒకటే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ అదే. దానికి కావాల్సిన విషంలో చాలా భాగం చెన్నై దగ్గర వడనెమ్మేలిలో 1978 నుంచి నడుస్తున్న ఇరుళుల పాములు పట్టేవాళ్ల సహకార సంఘం నుంచే వస్తుంది. బిగించి తాడు కట్టడం, గాటు పెట్టి రక్తం పిండటం కూడా వద్దు. కాలు కదలకుండా కర్రకు కట్టి, మనిషిని నడిపించకుండా తేవడమే. ఈ మాట పాప ఎన్ని ఊళ్లలో చెప్పిందో. తాళ్లు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఏనుగులన్నాను కదా. రాగులు కోతకొచ్చే కాలంలో బన్నేరుఘట్ట అడవుల నుంచి జవళగిరి, తళి మీదుగా మందలు సానమావు అడవి దాకా వస్తాయి. పేరండపల్లి దగ్గర హైవే దాటతాయి. ఆ వేళ అడవి శాఖవాళ్లు రోడ్డు ఆపేస్తారు. లోపల రోగి ఉన్నా ఆగాల్సిందే. మొదట్లో హారను కొట్టేవాళ్లట. ఇప్పుడు పైలట్లందరికీ తెలుసు, లైట్లు తగ్గించుకుని కూర్చుంటారు.

హోసూరు చేరేసరికి చంద్రచూడేశ్వరుడి కొండ మీద దీపాలు వెలిగాయి. స్టాండులో టీ తాగుతూ డ్రైవరన్న నాతో తెలుగులో మాట్లాడాడు. తమిళం చదివి, కన్నడ ఊళ్లో పెరిగి, ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి. ఇక్కడ అలాంటివాళ్లు లక్షల్లో ఉన్నారు. 2006 తర్వాత బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక వీళ్ల పిల్లలకు తెలుగు చదువు చేజారింది. అయినా ఈ ప్రాంతపు మొరసునాటి తెలుగులో కథలు రాసి పుస్తకాలు వేసుకుంటున్న రచయితలు హోసూరులో ఉన్నారు. మనవాళ్లు ఎంతమంది చదివారో నాకు అనుమానమే. అంబులెన్సులో ఈ ఇంటి మాట ఉపయోగం మా పాప సూటిగా చెప్పింది. నొప్పిలో ఉన్న ముసలమ్మ అడ్మిషను వివరాలు తమిళంలో చెప్పగలదు. యాడ నొస్తా ఉందో మాత్రం ఇంటి మాటలోనే చెప్తుంది.

ప్రభుత్వాలు బళ్లను వరసగా నిలబెట్టి, జెండా ఊపి పంపే ఫోటోలు మనం ఏటా చూస్తాం. వెనక కూర్చునే మనిషికి ఏం చదువుండాలి, రాత్రి పని చేసిన ఆడపిల్ల ఇంటికెట్లా చేరాలి, పదేళ్లు చేశాక ఏమవుతుంది అన్నదానికి ఫోటో ఉండదు. బండి కొనడం ఒక రోజు పని. మనిషిని తయారుచేయడం ఏళ్ల పని. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆసుపత్రిలో పనిచేసే పీఏలనూ, టెక్నీషియన్లనూ నెలలో కొన్ని రాత్రులు 108లో తిప్పితే, 108లోని ఇఎమ్టీలను కొన్ని రోజులు ఐసీయూలో ఉంచితే ఖర్చు పెద్దగా ఉండదు. ఎవరూ ఆ పని ఎందుకు చేయరో హోసూరులో అర్థమైంది. రెండు జీతాల రిజిస్టర్లలో ఒకే పేరు రావడం గుమాస్తాలకు ఇష్టముండదు.

ఆసుపత్రి గుమ్మం దగ్గర మాట చేరడానికి పాప తనకు తోచిన పని తను చేసింది. వెడల్పాటి ప్లాస్టరు ముక్క రోగి తొడకు అంటించి, పడ్డ టైము, ఎక్కించిన టైము, మాట్లాడాడా లేదా, ఇచ్చిన మందు దాని మీద రాయడం మొదలుపెట్టింది. కాగితం పోతుంది, ప్లాస్టరు రోగితోపాటే పోతుంది. తర్వాత అదే వరసలో ఒక పేజీ ఫారం తయారుచేసి జిరాక్సు తీయించింది. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్లు అది ఉందా అని అడగడం మొదలుపెట్టారు. స్టాండులో మరో రెండు బళ్లు కూడా అందుకున్నాయి. నాలుగో బండి ఓనరు మాత్రం జిరాక్సు ఖర్చు ఎవరిస్తారని అడిగి, పోయిన ఎన్నికల్లో మిగిలిపోయిన కరపత్రాల వెనక అచ్చు వేయించాడట. ముందు వైపు అభ్యర్థి నమస్కారం పెడుతూ ఉంటాడు, వెనక వైపు రోగి నాడి. ఐసీయూ ఫైళ్లలో అవి అలాగే కుట్టి ఉన్నాయని, ఏ పార్టీవో మాత్రం అడగొద్దని పాప చెప్పింది.